టాస్క్‌బార్ వచ్చిపోతోందా? ఫార్మాట్ కొట్టించకండి

పిల్లలూ,

మీరు రాసిన జబ్బు నాకు బాగా తెలిసిందే. సిస్టమ్ ఆన్ అవుతుంది, పాస్‌వర్డ్ కొడతారు, ఐకాన్లూ టాస్క్‌బారూ వస్తాయి. అంతలోనే అన్నీ మాయం. స్క్రీను నల్లగానో, ఒట్టి వాల్‌పేపర్‌తోనో మిగులుతుంది. కాసేపటికి మళ్లీ వస్తాయి, మళ్లీ పోతాయి. మౌస్ బాణం మాత్రం కదులుతూనే ఉంటుంది. షాపులో ఫార్మాట్ కొట్టించమన్నారని, కొట్టించేయాలా అని అడిగారు. వద్దు. మీ ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోయే ప్రమాదం ఎలాగూ ఉంది. అది చాలదన్నట్టు, ఫార్మాట్ అయ్యాక పాత సాఫ్ట్‌వేర్లే ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించుకుంటారు, వాటితోపాటే జబ్బూ తిరిగొస్తుంది. దోషి ఎవరో తేలకుండా అంత పని చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. దోషిని పట్టుకోవడం మీ వయసు వాళ్లకు చేతనయ్యే పనే.

ముందు అక్కడ చచ్చి బతుకుతున్నది ఎవరో తెలుసుకోండి. దాని పేరు విండోస్ ఎక్స్‌ప్లోరర్. ఫోల్డర్లు తెరిచి చూపించేది అదేనని అందరికీ తెలుసు. డెస్క్‌టాప్ మీది ఐకాన్లు, కింది టాస్క్‌బారు, గడియారం పక్కన చిన్న చిన్న గుర్తులు కూడా దాని పనే. 1995లో విండోస్ 95తో ఈ ఏర్పాటు వచ్చింది. అంతకుముందు విండోస్ 3.1లో ప్రోగ్రామ్ మేనేజర్ అనేది ఆ స్థానంలో ఉండేది. ఇలా మనిషికీ యంత్రానికీ మధ్య నిలబడే ప్రోగ్రామును షెల్ అంటారు. షెల్ పోయినంత మాత్రాన విండోస్ పోయినట్టు కాదు. మీరు తెరిచి పెట్టుకున్న వర్డ్ ఫైలు, బ్రౌజరు వేరే ప్రాసెస్‌లు, అంటే విడిగా నడుస్తున్న ప్రోగ్రాములు, అవి బతికే ఉంటాయి. అందుకే టాస్క్‌బార్ మాయమైందని కంగారుపడి పవర్ బటన్ నొక్కిపట్టకండి. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి వర్డ్‌లోకి వెళ్లి, కంట్రోల్ ఎస్ కొట్టి ముందు పని సేవ్ చేసుకోండి. మిగతాదంతా ఆ తర్వాతే.

మరి పోయినదాన్ని తిరిగి తెస్తున్నది ఎవరు? లాగిన్ వ్యవహారాలు చూసే విన్‌లాగాన్. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో దాని విభాగం కింద ఆటో రీస్టార్ట్ షెల్ అనే విలువ 1గా ఉంటుంది. షెల్ పడిపోతే లేపి నిలబెట్టమని దానర్థం. మంచి ఏర్పాటే. కానీ షెల్‌ను పడగొట్టిన కారణం అక్కడే ఉంటే లేచిన ప్రతిసారీ అదే దెబ్బ తగులుతుంది. మీరు చూస్తున్న రాకపోకలు ఇవే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ జబ్బులో చాలాసార్లు తప్పు ఎక్స్‌ప్లోరర్‌ది కాదు, దాని లోపల చేరిన బయటివాళ్లది. ఏదైనా ఫైలు మీద రైట్ క్లిక్ చేసి చూడండి. జిప్ సాఫ్ట్‌వేర్ వాళ్లు "ఇక్కడే విప్పు" అనే వరస పెట్టుకుని ఉంటారు. యాంటీవైరస్ వాళ్లు "స్కాన్ చెయ్యి" అని ఇంకొకటి పెట్టుకుంటారు. క్లౌడ్ డ్రైవ్ వాళ్లు ఫోల్డర్ మూలన ఆకుపచ్చ టిక్కు తగిలిస్తారు. వీటిని షెల్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. ఇవి విడిగా నడిచే ప్రోగ్రాములు కావు. డీఎల్‌ఎల్ ఫైళ్లుగా, అంటే వేరే ప్రోగ్రాము లోపల చేరి పనిచేసే కోడ్ ఫైళ్లుగా, ఎక్స్‌ప్లోరర్ మెమరీలోకే వచ్చి కూర్చుంటాయి. అక్కడ ఉంటే పని చకచకా అవుతుంది. కాకపోతే వాటిలో ఒకటి తనది కాని మెమరీని తాకితే ఎక్స్‌ప్లోరర్ ప్రాసెస్ మొత్తాన్నీ విండోస్ ఆపేస్తుంది. ఒక గదిలో ఇస్త్రీ పెట్టె షార్ట్ అయితే ఇల్లంతటికీ ఉన్న ఒక్క ఫ్యూజూ పోయినట్టన్నమాట. ఫ్యూజు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, ఆ పెట్టె ప్లగ్ పీకాలి.

మధ్యలో ఒక ముచ్చట చెప్తాను. ఐకాన్ల మూలన కనిపించే ఆ టిక్కుల్లాంటి గుర్తులకు విండోస్‌లో ఉన్న చోట్లు 15 మాత్రమే. అందులో కొన్ని విండోస్ తనకే వాడుకుంటుంది. జాబితాలో అక్షర క్రమంలో ముందున్నవాళ్లకే చోటు దక్కుతుంది కాబట్టి కొన్ని క్లౌడ్ డ్రైవ్‌లు తమ పేరు ముందు ఖాళీలు పెట్టుకుని ముందుకు జరిగాయి. దాంతో మిగతావాళ్లూ ఇంకా ఎక్కువ ఖాళీలు పెట్టారు. రిజిస్ట్రీ తెరిచి చూస్తే ఆ పేర్ల ముందు ఖాళీలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్స్‌ప్లోరర్ లోపల ఎంతమంది తోసుకుంటున్నారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

సరే, పనిలోకి దిగుదాం. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టె ఎక్స్‌ప్లోరర్ చేతిలోది, కాబట్టి అది పడిపోయినప్పుడు పలకదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే మాత్రం టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆ మీటలను వినేది విన్‌లాగాన్. వచ్చాక మొదటి పరీక్ష: టాస్క్ మేనేజర్‌ను అలాగే చూస్తూ ఉండండి. వెనకాల డెస్క్‌టాప్ మిణుకుమిణుకుమంటున్నా అది నిలకడగా ఉంటే తప్పు ఏదో సాఫ్ట్‌వేర్‌ది. అది కూడా స్క్రీనుతోపాటు మిణుకుతుంటే అనుమానం స్క్రీను మీద బొమ్మను నడిపించే గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి పోతుంది. ఇది మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పే పరీక్ష, చాలా పనికొస్తుంది. డ్రైవర్ అని తేలితే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ దగ్గరికి వెళ్లి పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లడమో, తయారీదారు సైట్ నుంచి కొత్తది వేసుకోవడమో చేయండి.

టాస్క్ మేనేజర్‌లో "రన్ న్యూ టాస్క్" అనే చోట మీకు కావలసినది టైప్ చేసి నడిపించుకోవచ్చు. డెస్క్‌టాప్ లేకపోయినా ఈ ఒక్క పెట్టె చాలు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో ఈ, వీ, ఈ, ఎన్, టీ, వీ, డబ్ల్యూ, ఆర్ అని కొట్టండి. ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుంటుంది. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్ నొక్కితే మధ్యలో పొడుగాటి జాబితా వస్తుంది. ఎర్ర గుర్తు ఉన్నవాటిలో సోర్స్ దగ్గర అప్లికేషన్ ఎర్రర్ అనీ, నంబరు 1000 అనీ ఉన్న వరస వెతకండి. టాస్క్‌బార్ పోయిన సమయం, ఆ వరసలోని సమయం ఒకటేనా చూసుకోండి.

ఆ రికార్డును హడావుడిగా చదవకండి. మొదటి వరసలో పడిపోయిన ప్రోగ్రాము పేరు, అంటే ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ, ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోయి ఎక్స్‌ప్లోరర్ పాడైందని తేల్చేస్తారు. దాని కింద "ఫాల్టింగ్ మాడ్యూల్" అనే వరస ఉంది చూశారా, మీకు కావలసింది అది. దెబ్బ ఏ డీఎల్‌ఎల్ దగ్గర తగిలిందో అక్కడ రాసి ఉంటుంది. ఇంకాస్త కిందికి వెళితే ఆ మాడ్యూల్ ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తి దారి ఇస్తుంది. ఆ దారి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ పేరున్న ఫోల్డర్‌కు పోతే చాలావరకు దొంగ దొరికినట్టే. అదే రికార్డులోని ఎక్సెప్షన్ కోడ్ సీ0000005తో ముగిస్తే పరాయి మెమరీని తాకడం, సీ0000374తో ముగిస్తే ప్రోగ్రాము వాడుకునే మెమరీ లెక్కలే చెడిపోవడం.

అయితే చాలాసార్లు ఆ మాడ్యూల్ దగ్గర ఎన్‌టీడీఎల్‌ఎల్ అని ఉంటుంది. అది విండోస్ పునాదుల్లో ఉండే ఫైలు. దాని పేరు కనిపించిందని దాన్ని అనుమానించకండి. ఇంకెవరో ముందే మెమరీ పాడుచేసి పోతే, ఆ పాడు బయటపడిన చోటు మాత్రమే అది. నెట్‌లో "ఈ డీఎల్‌ఎల్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి" అనే సైట్లు కోకొల్లలు. వాటి జోలికి వెళ్లొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. విండోస్ ఫైలును ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర తెచ్చుకునే అవసరం ఎప్పుడూ ఉండదు.

పేరు సూటిగా దొరకకపోతే ఏం చేయాలి? జబ్బు మొదలైన రోజుకు ముందు ఏం ఎక్కించారో ఇంట్లో అందర్నీ అడగండి. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితాను తేదీ వరసలో పెడితే అడగకుండానే కొంత తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే షెల్ఎక్స్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది, నిర్‌సాఫ్ట్ వాళ్లది. వాళ్ల సొంత సైట్ నుంచే, 64 బిట్ విండోస్ అయితే 64 బిట్ రకమే తెచ్చుకోండి. తెరిస్తే మీ సిస్టమ్‌లోని షెల్ ఎక్స్‌టెన్షన్లన్నీ వరసగా కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్‌వి కానివాటి వరసలు గులాబీ రంగులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వాటిని ముట్టుకోకండి. గులాబీవన్నీ ఎంచుకుని ఎఫ్7 నొక్కితే అవి పనిచేయడం ఆగిపోతుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం చెక్కుచెదరదు. ఎఫ్8 నొక్కితే తిరిగి పనిలోకి వస్తాయి. ఎక్స్‌ప్లోరర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. జబ్బు ఆగిందా, దొంగ ఆ గులాబీ వరసల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు ఒక్కొక్కటే పరీక్షిస్తూ కూర్చోవద్దు. సగం తిరిగి ఆన్ చేయండి. క్రాష్ వచ్చిందంటే దొంగ ఆ సగంలో ఉన్నాడు, రాలేదంటే మిగతా సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. గులాబీవి 32 ఉన్నా అయిదు పరీక్షల్లో ఒక్క పేరు మిగులుతుంది. సగం సగం చేసుకుంటూ పోయే ఈ పద్ధతి మీకు లెక్కల్లోనూ ప్రోగ్రామింగ్‌లోనూ మళ్లీ ఎదురవుతుంది. ఏ పరీక్షలో ఏది ఆన్‌లో ఉందో కాగితం మీద రాసుకోండి, నోటి లెక్క తప్పుతుంది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి పరీక్షకూ పరీక్షకూ మధ్య అప్‌డేట్లు, అన్‌ఇన్‌స్టాళ్లు పెట్టుకోకండి.

ఒక్క ఫోల్డర్ తెరిచినప్పుడు మాత్రమే పడిపోతోందంటే దారి వేరు. ఆ ఫోల్డర్‌లో సగం దిగిన వీడియోనో, చెడిపోయిన ఫొటోనో ఉండొచ్చు. దాని బొమ్మను చిన్నగా (థంబ్‌నెయిల్‌గా) గీసి చూపించబోయి ఎక్స్‌ప్లోరర్ చిక్కుకుంటుంది. విండోస్ విస్టా నాటి నుంచి ఈ పనిని మామూలుగా కామ్ సరోగేట్ అనే వేరే ప్రాసెస్‌కు అప్పగించారు, అందువల్ల ఈ బాధ తగ్గింది. అయినా పూర్తిగా పోలేదు. రన్ పెట్టెలో కంట్రోల్ ఫోల్డర్స్ అని కొట్టి, వచ్చిన ఫోల్డర్ ఆప్షన్స్ కిటికీలో, వ్యూ పేజీలో థంబ్‌నెయిళ్లు వద్దు, ఐకాన్లే చూపించు అనే గడిలో టిక్కు పెట్టి చూడండి. పక్కనే ఫోల్డర్ కిటికీలను వేరే ప్రాసెస్‌లో తెరవమనే గడి కూడా ఉంది. అది పెడితే ఫోల్డర్ పడినా టాస్క్‌బార్ నిలబడే అవకాశం ఎక్కువ.

మీ అకౌంట్‌లో మాత్రమే వస్తోందా అన్నదీ చూడాలి. కొత్త యూజర్ అకౌంట్ తెరిచి అందులో లాగిన్ అవ్వండి. అక్కడ హాయిగా నడిస్తే గొడవ మీ సొంత సెట్టింగుల్లో ఉన్నట్టు. ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా చెడిపోయి, ఫోల్డర్ తెరవగానే ఎక్స్‌ప్లోరర్ కూలడం ఉంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో, జనరల్ పేజీలో, ప్రైవసీ కింద క్లియర్ అనే బటన్ నొక్కితే ఆ జాబితా శుభ్రమవుతుంది. మీ ఫైళ్లకేమీ కాదు.

విండోస్ ఫైళ్లే చెడ్డాయన్న అనుమానం చివరిది. అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విండోస్‌లోనే ఉన్న రెండు మరమ్మతు కమాండ్లు, ముందు డిస్మ్ రీస్టోర్ హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) నడపండి. మరమ్మతుకు కావలసిన సరుకును డిస్మ్ బాగుచేస్తుంది, దాంతో ఎస్‌ఎఫ్‌సీ చెడిన ఫైళ్లను మారుస్తుంది. అందుకే ఆ వరస. ఈవెంట్ వ్యూయర్‌లో ఒక్కోసారి ఒక్కో మాడ్యూల్ పేరు, పొంతన లేకుండా వస్తుంటే నేనైతే ర్యామ్‌ను పరీక్షిస్తాను. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ దానికోసమే ఉంది.

మీ ఇంట్లో టాస్క్‌బార్ రూపం మార్చే సాఫ్ట్‌వేర్ ఉందని రాశారు కదా, అది నా అనుమానాల్లో మొదటిది. 2023 ఫిబ్రవరి 28న విండోస్ 11కి కేబీ5022913 అనే అప్‌డేట్ వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్, స్టార్ట్ఆల్‌బ్యాక్ లాంటివి వాడేవాళ్లకు ఎక్స్‌ప్లోరర్ పదేపదే పడిపోవచ్చని, అప్‌డేట్‌కు ముందే వాటిని తీసేయమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇలాంటివి ఎక్స్‌ప్లోరర్ లోపలి భాగాలను ఆసరా చేసుకుని పనిచేస్తాయి, ఆ భాగాలు అప్‌డేట్‌తో మారగానే పట్టు తప్పుతుంది. వాటిని తయారుచేసేవాళ్లు సాధారణంగా కొత్త వెర్షన్ త్వరగానే ఇస్తారు. కాబట్టి మీది ముందు అన్‌ఇన్‌స్టాల్ చేసి చూడండి, జబ్బు ఆగితే కొత్త వెర్షన్ వేసుకోండి.

మీ తప్పు ఏమాత్రం లేకుండా కూడా జరగొచ్చు. 2021 సెప్టెంబరు 2న, విండోస్ 11 ఇంకా పరీక్షల దశలో ఉండగా, పరీక్షిస్తున్నవాళ్లకు టాస్క్‌బార్, స్టార్ట్ మెనూ పలకడం మానేశాయి. వాళ్లు ఎక్కించుకున్న బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ దానికి కారణం కాదు. మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి వచ్చిన సమాచారంలోనే లోపం ఉంది. రిజిస్ట్రీలో ఐరిస్ సర్వీస్ అనే భాగాన్ని తీసేసి రీస్టార్ట్ చేస్తే కుదురుకుంది. అందువల్ల అన్ని పరీక్షలూ అయ్యాక కూడా కారణం దొరకకపోతే అదే రోజు ఇంకెవరికైనా వచ్చిందేమో ఆరా తీయండి. అప్పటికప్పుడు రిజిస్ట్రీలో చేయి పెట్టకండి.

ఈ శనివారం టాస్క్ మేనేజర్ పరీక్షతో మొదలుపెట్టండి. దొంగ దొరికితే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు రాయండి: విండోస్ వెర్షన్, వాళ్ల సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఏం చేస్తే పడిపోతోంది అనేవి చెప్పి, ఈవెంట్ రికార్డును కాపీ చేసి జత చేయండి. స్క్రీన్ ఫొటో కాదు, అక్షరాలే పంపాలి, వాళ్లు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది. దొరకకపోతే అదే రికార్డు నాకు పంపండి. మాడ్యూల్ దారి ఉన్న వరస మాత్రం తెగిపోకుండా చూసుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య