మూడు నెలలైనా మాట్లాడని కొత్త స్నేహితురాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

వేరే దేశం నుంచి వచ్చి మీ తరగతిలో చేరిన అమ్మాయి మూడు నెలలైనా నోరు విప్పడం లేదని రాశారు. పొగరేమోనని మీలో ఒకరి అనుమానం, చదువు రాదేమోనని ఇంకొకరిది. రెండూ కాదనే నా నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాను.

కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లల్లో చాలామంది ముందు వింటారు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వింటూనే ఉంటారు. దీన్ని నిశ్శబ్ద దశ అంటారు. పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది గానీ, ఏ మాట ఎక్కడ వాడుతున్నారో, ఎవరిని ఎలా పిలుస్తున్నారో అన్నీ లోపల పోగుపడుతుంటాయి. అప్పుడు అందరి ముందూ నిలబెట్టి "ఏదీ, ఒక్క మాట చెప్పు" అంటే ఇంకా బిగుసుకుపోతారు.

ఆటల్లో మాటలు తొందరగానే వస్తాయి, మామూలుగా 1–2 ఏళ్లలో. పాఠాల భాష అలా రాదు. టొరంటోలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు వలస వచ్చిన పిల్లల చదువును పరిశీలించి, ఈ భాషలో తోటివారిని అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని 1980ల మొదట్లోనే చెప్పాడు. అసలు చిక్కు ఈ రెంటికీ నడుమ ఉన్న ఏళ్లలోనే. గలగలా మాట్లాడేస్తోంది కదా అని బడిలో అదనపు సాయం ఆపేస్తారు. సైన్సులో మార్కులు తగ్గగానే తెలివి తక్కువ అనేస్తారు.

ఒక లెక్క చూడండి. "తొట్టిలో ముప్పావు వంతు నీళ్లున్నాయి. అందులో సగం తోడేశారు. ఎంత మిగిలింది?" 3/4లో సగం 3/8 అని ఆ అమ్మాయికి మీకంటే ముందే తట్టవచ్చు. కానీ తొట్టి అంటే ఏమిటి? తోడెయ్యడమంటే పొయ్యడమా, తియ్యడమా? మిగిలింది అని దేన్ని అడుగుతున్నారు? లెక్క వచ్చినా ఈ మూడు మాటల దగ్గర ఆగిపోతుంది. అంకెల రాత కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఫ్రాన్స్, జర్మనీలలో ఒకటిన్నరను కామా పెట్టి 1,5 అని రాస్తారు. 04/07 అంటే అమెరికాలో ఏప్రిల్ 7, చాలా దేశాల్లో జులై 4. అలా చదువుకుని పరీక్షకు రాకపోతే దాన్ని అశ్రద్ధ అనకండి. హోంవర్క్ తేదీ చెప్పేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాసివ్వండి.

ఇక వలస సంగతి. పని కోసం, చదువు కోసం, అప్పటికే వెళ్లిన కుటుంబాన్ని కలుసుకోవడానికి దేశం మారినవాళ్లు వలసదారులు. శరణార్థి మాట వేరు. జాతి, మతం, జాతీయత, ఏదైనా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, వీటిలో ఏదో ఒక కారణంగా తనను హింసిస్తారన్న భయంతో దేశం దాటినవాళ్లను 1951 నాటి శరణార్థుల ఒప్పందం శరణార్థులంటుంది. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి వాళ్లను తిప్పి పంపకూడదన్నది దానిలో గట్టి నియమం. దరఖాస్తు పెట్టుకుని తీర్పు కోసం చూస్తున్నవాళ్లు ఆశ్రయం కోరేవారు. ఆ ఎదురుచూపు ఏళ్లు పట్టవచ్చు, చాలా దేశాల్లో మొదట్లో పని చేయనివ్వరు కూడా. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2024 నాటికి పుట్టిన దేశం వదిలి బతుకుతున్నవాళ్లు సుమారు 30.4 కోట్లు. పెద్ద అంకే, కానీ ప్రపంచ జనాభాలో 4 శాతం కూడా కాదు.

వీళ్లందరికీ కాగితాలే పెద్ద పరీక్ష. దరఖాస్తులో రెండు గళ్లుంటాయి: ఇంటిపేరు, సొంత పేరు. కొన్నిచోట్ల ఇంటిపేరు ముందు, కొన్నిచోట్ల వెనక, కొందరికి అసలు ఉండదు. లిపి మారేటప్పుడు పేరు జనన ధ్రువపత్రంలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా పడుతుంది. ఆ ఒక్క అక్షరం తేడాకే బడిలో, బ్యాంకులో, ఆసుపత్రిలో "ఇద్దరూ ఒకరేనా?" అని నిలదీస్తారు. అందుకే దేశం మారేవాళ్లు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగునే అన్నిచోట్లా వాడాలి. మార్కుల పత్రాలు, టీకాల కార్డు అసలువి దగ్గర పెట్టుకుని, అధికారిక అనువాదకుడితో అనువాదాలు చేయించుకోవాలి. ప్రాణం దక్కించుకుని పారిపోయినవాళ్లకు ఆ వీలెక్కడిది? తరిమిన ప్రభుత్వం గడప ఎక్కి ధ్రువపత్రం అడగలేరు కదా! ఏ దేశపు పాస్‌పోర్టూ లేకుండా మిగిలిపోయిన రష్యన్ శరణార్థుల కోసం ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే నార్వే ధ్రువయాత్రికుడు 1922లో ప్రత్యేక ప్రయాణ పత్రం తెచ్చాడు. దాన్నే నాన్సెన్ పాస్‌పోర్ట్ అన్నారు.

ఆ అమ్మాయి ఇంట్లో ఇంకో బరువు ఉండవచ్చు. పెద్దలకంటే పిల్లలకు భాష ముందు వస్తుంది గనక, కరెంటు బిల్లు చదవడం నుంచి డాక్టరు మాట చెప్పడం దాకా వాళ్ల మీదే పడుతుంది. ఆసుపత్రిలో మాత్రం పిల్లల చేత అనువాదం చేయించకూడదు. మందు మోతాదు తప్పు చెప్పవచ్చు, అమ్మ భయపడుతుందని జబ్బు పేరు మింగేయవచ్చు. చాలా దేశాల్లో ఆసుపత్రులు ఫోన్లోనైనా దుబాసీని ఏర్పాటు చేస్తాయి, అడగాలంతే.

మీరు చేయగలిగినవి చిన్నవే. ఆమెతో మెల్లగా, పొట్టి వాక్యాల్లో మాట్లాడండి, గట్టిగా అరవక్కర్లేదు. "అర్థమైందా?" అనడిగితే మొహమాటానికి తలూపుతుంది, అందుకని "ఎలా చేస్తావో చూపించు" అనండి. "మీ దేశంలో ఏమైంది, ఎందుకొచ్చేశారు?" అని మాత్రం అడగవద్దు, చెప్పాలనిపించిన రోజు తనే చెబుతుంది. వాళ్ల భాష మానేయమనీ అనకండి. సొంత భాషలో చదవడం వచ్చిన పిల్లలకు రెండో భాషలో చదువు తేలికవుతుంది, పైగా వాళ్ల తాతయ్య, నానమ్మలతో మాట్లాడటానికి ఉన్నది అదొక్కటే కావచ్చు.

మీ ఉత్తరం నిండా "ఆ కొత్తమ్మాయి" అనే ఉంది, పేరు ఎక్కడా లేదు. రేపు తననే నిదానంగా రెండుసార్లు పలకమని అడగండి. విన్నది విన్నట్టు మన లిపిలో రాసుకుని, మీరు పలికి, "సరిగ్గా అన్నానా?" అని అడగండి. పొట్టి పేరు పెట్టేయవద్దు. సరిగ్గా వచ్చాక నాకు రాయండి, నేనూ నేర్చుకుంటాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ