ఎలుక జ్వరం కేరళకే పరిమితమా?

వానలు ముదిరిన ప్రతిసారీ కేరళ నుంచి లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) మరణాల వార్తలు వస్తాయి. ఆ రాష్ట్రంలోనే ఈ జబ్బు ఎందుకంత ఎక్కువన్న వాదన వాటి వెంటే మళ్ళీ రాజుకుంటుంది. భారీ వర్షాలు, నీరు నిలిచే నేల, కిక్కిరిసిన జనావాసాలు కారణమనేవారి మాటలో నిజం లేకపోలేదు. అయితే ప్రాంతాల మధ్య కనబడే తేడాలో జబ్బు వాటా ఎంత, పరీక్షల వాటా ఎంత అన్నది తెలియాలంటే చూడవలసింది కేరళను కాదు, ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్‌ను.

1988 నుంచి అక్కడ వానాకాలం ముగిసే వేళకు ఒక జ్వరం ప్రబలుతూ వచ్చింది. ఒళ్ళు నొప్పులతో మొదలై, కొందరిలో ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై, దగ్గితే నెత్తురు పడి ప్రాణం మీదికి వచ్చేది. కారణం అంతుబట్టక దానిని ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. 1993లో ప్రబలినప్పుడు భారత వైద్య పరిశోధన మండలికి చెందిన పోర్ట్ బ్లెయిర్ కేంద్రం శాస్త్రవేత్తలు అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మామూలు మందులకు లొంగే జబ్బు ఐదేళ్ళపాటు అనామకంగా మనుషులను బలిగొన్నదన్నమాట. అంతకన్నా బాధాకరమైన సంగతి మరొకటి ఉంది: అదే దీవుల్లో ఈ జబ్బు ఉన్నట్టు 1931లోనే అధ్యయనం ప్రచురితమైంది. ఆ తర్వాత వెతికినవారు లేకపోవడంతో లెక్కల్లోంచి జారిపోయింది.

వెతకడం తేలిక కాదన్నది మాత్రం ఒప్పుకోవాలి. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంతో తడి నేలలో చేరే లెప్టోస్పైరా అనే ఈ జబ్బు సూక్ష్మజీవి కాళ్ళ పగుళ్ళగుండా, పుండ్లగుండా ఒంట్లోకి ప్రవేశిస్తుంది. తొలి రోజుల్లో డెంగీకీ దీనికీ తేడా పోల్చుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. నిర్ధారణకు ప్రామాణికమైన మ్యాట్ పరీక్షలో రోగి సీరాన్ని (రక్తంలోని ద్రవభాగాన్ని) బతికున్న లెప్టోస్పైరా రకాలతో విడివిడిగా కలిపి, సీరంలోని యాంటీబాడీల వల్ల అవి గుంపుకట్టాయో లేదో డార్క్ ఫీల్డ్ సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ రకాలన్నిటినీ ప్రయోగశాల ఏడాది పొడవునా బతికించుకోవాలి. పైగా మొదటి వారంలో యాంటీబాడీలు సరిగా పుట్టవు కనుక, కొద్ది రోజుల తర్వాత రెండో నమూనా కూడా కావాలి. అప్పటికి రోగి కోలుకుని ఇంటికైనా వెళ్ళిపోతాడు, చనిపోయి అయినా ఉంటాడు.

2018 వరదల్లో కేరళ ముందుజాగ్రత్తగా పంచిన డాక్సీసైక్లిన్ వెనుకా దిగ్లీపూర్ ఉంది. వారానికోసారి 200 మిల్లీగ్రాముల మోతాదు ఇన్ఫెక్షన్‌ను ఆపలేకపోయినా జబ్బు తీవ్రతను తగ్గిస్తుందని 2000లో వెలువడిన అక్కడి ఫలితాలు చూపాయి.

పన్నెండో ప్రణాళికా కాలంలో (2012–17) కేంద్రం చేపట్టిన లెప్టోస్పైరోసిస్ నియంత్రణ కార్యక్రమంలో గుజరాత్, కేరళ, తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక, అండమాన్ నికోబార్ దీవులు ఉండేవి. జబ్బు బయటపడిన చోటుకే కార్యక్రమం వెళ్ళింది, కార్యక్రమం వెళ్ళిన చోట జబ్బు మరింతగా బయటపడుతుంది. ఆనాటి జాబితాలో తెలుగు నేల లేదు. మోకాలి లోతు బురదలో నాట్లు వేసే కూలీలు కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ ఉన్నారు. డెంగీ, మలేరియా కాదని తేలిన వారి జ్వరాలకు లెప్టోస్పైరోసిస్ పరీక్ష కూడా చేయించనంతవరకు, మన దగ్గర కేసులు తక్కువన్న మాటను కేరళకు ఎదురు నిలపడం న్యాయం కాదు.