ప్రసార భారతి: చట్టం అటకెక్కిన ఆ ఏడేళ్లు

లోక్‌సభ ఎన్నికల తొలి విడత పోలింగుకు మూడు రోజుల ముందు, 2024 ఏప్రిల్ 16న, డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయానికి మారడంతో, దూరదర్శన్ ప్రజలదా ప్రభుత్వానిదా అన్న పాత వివాదం మళ్లీ రాజుకుంది. అది కాషాయం కాదు, నారింజ అనీ, ఛానల్‌కు కొత్త రూపం ఇవ్వడంలో భాగమేననీ దూరదర్శన్‌నూ ఆకాశవాణినీ నడిపే ప్రసార భారతి సంస్థ సీఈఓ గౌరవ్ ద్వివేది అప్పుడు అన్నారు. గతంలో అదే కుర్చీలో కూర్చున్న జవహర్ సర్కార్ మాత్రం ఇది ప్రసార భారతి కాదు, ‘ప్రచార భారతి’ అన్నారు. జవహర్ సర్కార్ అప్పట్లో తృణమూల్ కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడు కాబట్టి ఆయన మాటలో రాజకీయం లేదనలేము. కానీ 2014లో, యూపీఏ అధికారంలో ఉండగానే, నరేంద్ర మోదీ ఇంటర్వ్యూలో కొన్ని భాగాలు తీసేసి దూరదర్శన్ ప్రసారం చేసిందన్న దుమారం రేగినప్పుడు, స్వయంప్రతిపత్తి ఇవ్వడానికి మంత్రిత్వ శాఖకు మనసు రాలేదని సీఈఓ హోదాలోనే లేఖ రాసిన వ్యక్తి కూడా ఆయనే.

ఎమర్జెన్సీలో ఆకాశవాణి ఎవరి గొంతు వినిపించిందో తెలియనివారు లేరు. ఆ అనుభవం తర్వాత జనతా ప్రభుత్వంలో సమాచార శాఖ మంత్రి ఎల్.కె. ఆడ్వాణీ నియమించిన, పాత్రికేయుడు బి.జి. వర్గీస్ నేతృత్వంలోని బృందం, రేడియోనూ టీవీనీ ‘ఆకాశ భారతి’ అనే స్వతంత్ర ట్రస్టుకు అప్పగించాలని 1978లో సిఫారసు చేసింది. 1979లో బిల్లు రూపం దాల్చేసరికి ఆ సిఫారసు నీరుగారింది, సభ రద్దుతో ఆ మిగిలిందీ పోయింది.

అయినా అసలు మలుపు అక్కడ లేదు. వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార శాఖ చూసిన తెలుగుదేశం నేత పర్వతనేని ఉపేంద్ర హయాంలో, రేడియోనూ టీవీనీ స్వతంత్ర సంస్థకు అప్పగించే ప్రసార భారతి బిల్లు పార్లమెంటు ఆమోదం పొంది, 1990 సెప్టెంబరులో రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది. అది అమల్లోకి రావాలంటే కేంద్రం తేదీ ప్రకటిస్తే చాలు. రెండు నెలలకే ప్రభుత్వం పడిపోయింది. తర్వాత వచ్చిన చంద్రశేఖర్ ప్రకటించలేదు, పి.వి. నరసింహారావు ఐదేళ్లూ ప్రకటించలేదు. తెలుగు మంత్రి తెచ్చిన చట్టాన్ని తెలుగు ప్రధాని అటకెక్కించగా, 1997 సెప్టెంబరు 15న దాన్ని దుమ్ము దులిపి అమల్లోకి తెచ్చింది మరో తెలుగు మంత్రి, గుజ్రాల్ మంత్రివర్గంలోని ఎస్. జైపాల్‌రెడ్డి.

ఆ ఏడేళ్లలో జరిగినదాన్ని బట్టే నేటి పరిస్థితిని అర్థం చేసుకోవాలి. 1991 గల్ఫ్ యుద్ధంతో మన ఇళ్లకు శాటిలైట్ వార్తలు చేరాయి, 1992లో జీ టీవీ, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. దూరదర్శన్ ఒక్కటే దిక్కుగా ఉన్న కాలంలోనే దానికి స్వేచ్ఛ దక్కి ఉంటే, ప్రభుత్వాన్ని నిలదీసే అలవాటూ ఆ అలవాటుతో వచ్చే నమ్మకమూ దానికి ఏర్పడేవి. 1997లో అది ప్రసార భారతి బోర్డు చేతికి వెళ్లేసరికి, వార్త నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రేక్షకుడు అప్పటికే రిమోట్ నొక్కి మరో ఛానల్‌కు వెళ్తున్నాడు. ఈలోగా 1995 ఫిబ్రవరిలో, హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల తగాదాలో, ప్రసారాలకు వాడే వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రసార మాధ్యమాలు ప్రభుత్వం చేతిలో కాక ప్రజల అదుపులో ఉండాలని ఆ తీర్పులో విడిగా రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, వాటిని ప్రైవేటు పెత్తనానికి వదిలేయడమూ తగదని అప్పుడే హెచ్చరించారు.

వచ్చిన స్వేచ్ఛ కూడా అరకొరగానే వచ్చింది. ఫలానాది ప్రసారం చేయండి, ఫలానాది వద్దు అని ఆదేశించే అధికారాన్ని చట్టంలోని 23వ సెక్షన్ కేంద్రానికే ఉంచింది, సిబ్బంది జీతాలకు కేంద్రం గ్రాంటే ఆధారం. 1998లో వాజపేయి ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో సీఈఓ పదవికి వయోపరిమితిని తిరిగి తెచ్చేసరికి తొలి సీఈఓ ఎస్.ఎస్. గిల్ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. ప్రజాధనంతో నడిచే సంస్థపై కొంత అజమాయిషీ తప్పదని ఏ పార్టీ అధికారంలో ఉన్నా అదే వాదన. 2014 విజయదశమినాడు ఆరెస్సెస్ అధినేత ప్రసంగం దూరదర్శన్‌లో ప్రత్యక్షంగా వెళ్లడానికీ, 2017 స్వాతంత్ర్య దినోత్సవాన త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ప్రసంగం మార్చనిదే ప్రసారం కాకపోవడానికీ ఆ అజమాయిషీతో సంబంధం లేదని నమ్మడం కష్టం.

ప్రైవేటు ఛానళ్లు అంతకంటే పవిత్రమని కాదు. ఏ తెలుగు ఛానల్ ఏ పార్టీదో రిమోట్ పట్టుకున్న ప్రతివారికీ తెలుసు, 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్ నుంచి మాయమైనప్పుడు మిగతా ఛానళ్ల సంఘీభావం ఎంతపాటిదో కూడా తెలిసింది. అయితే అక్కడ ప్రేక్షకుడికి నాలుగు పక్షపాతాలనైనా పోల్చి చూసుకునే వీలుంది. రేడియో వార్తల్లో ఆ వీలూ లేదు. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంత వార్తలు చెప్పే అనుమతి నేటికీ లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వినిపించవచ్చు, అంతే. ఆ బులెటిన్లు నడిపే ప్రసార భారతి, చైనా రాయబారి ఇంటర్వ్యూపై 2020 జూన్‌లో వార్తా సంస్థ పీటీఐకి ఘాటు లేఖ రాసి, కొన్ని నెలలకే ఆ సంస్థతో ఒప్పందం వదులుకుంది. 2023లో వార్తల సరఫరాకు అది ఎంచుకున్నది సంఘ్ పరివార్‌కు దగ్గరదని పేరున్న వార్తా సంస్థ హిందుస్థాన్ సమాచార్‌ను.