కార్డు లేని వాచీ కొనొచ్చా? లగ్జరీ వాచీల వారంటీ వెనక 60 ఏళ్ల కథ

నెల్లూరులో, ఒంగోలులో లక్షల ఖరీదు వాచీ చేతికి పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు అరుదేమీ కాదు. రొయ్యల సాగులో కలిసొచ్చిన రైతులు, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు, విదేశాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలున్న కుటుంబాలు కొంటున్నాయి. కొనే ముందు దాదాపు అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చెన్నైలో కంపెనీ గుర్తింపు ఉన్న షోరూం ఒక ధర చెబుతుంది. దుబాయ్ నుంచి తెప్పించి ఇస్తామనేవాళ్లు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అంతకంటే బాగా తక్కువ చెబుతారు. "వాచీ నూటికి నూరుపాళ్లు ఒరిజినల్. కంపెనీ వారంటీ మాత్రం ఉండదు, మా షాపు వారంటీ ఇస్తాం" అంటారు. కంపెనీ ఇచ్చే ఆ వారంటీ కార్డు కోసం అంత ఎక్కువ పెట్టాలా?

కొత్త వాచీ అయితే పెట్టాలి, నా మాట అదే. అయితే మొదటి రెండేళ్లలో వాచీ పాడవుతుందన్న భయం దానికి కారణం కాదు. మంచి స్విస్ వాచీ అంత తొందరగా ఆగిపోవడం తక్కువ. కారణాలు వేరే ఉన్నాయి. అవి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన జిల్లాల్లో ఒకప్పుడు వాచీ అంటే పెళ్లిలో అల్లుడికి పెట్టేది. సైకిలు, రేడియో, ఉంగరం, వాచీ. స్వాతంత్య్రానికి ముందు నుంచీ వెస్ట్ ఎండ్, ఫావర్ ల్యూబా లాంటి స్విస్ వాచీలు ఉన్నవాళ్ల చేతులకు ఉండేవి. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాంకేతిక సాయంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలయ్యాక వాచీ మామూలు ఉద్యోగికి కూడా అందింది. చక్రాలు అరగకుండా లోపల 17 జ్యూయల్స్ (చిన్న రాళ్లు) ఉండి, రోజూ కీ ఇచ్చుకునే హెచ్ఎంటీ జనతా వాచీ ఒక తరానికి మొత్తం తెలుసు. దాని డబ్బాలోనూ గ్యారంటీ కాగితం ఉండేది కానీ ఎవరూ దాచుకున్నట్టు లేదు. ఆగిపోతే ట్రంకు రోడ్డులోనో చిన్నబజారులోనో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్న వాచీ రిపేరు మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆయన వెనక మూత తీసి, మడ్డి తుడిచి, నూనె వేసి, అరిగిన చక్రం మార్చి ఇచ్చేవాడు. విడిభాగాలు బజారులో దొరికేవి, పనివాడు పక్కనే ఉండేవాడు. అసలు గ్యారంటీ అదే.

ఫారిన్ వాచీల సంగతి వేరు. దిగుమతుల మీద ఆంక్షలు, భారీ సుంకాల వల్ల అవి చాలావరకు దొంగదారినే వచ్చేవి. నెల్లూరు నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చెన్నై. అక్కడ బీచ్ స్టేషన్ దగ్గర, బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు పెట్టుకున్న దుకాణాలతో ఏర్పడిన బర్మా బజారులో జపాన్ వాచీ, సెంటు సీసా, టేప్ రికార్డరు అన్నీ దొరికేవి. బిల్లు ఉండదు, వారంటీ మాట అసలే లేదు. నకిలీదేమోనన్న టెన్షన్ మాత్రం ఎప్పుడూ ఉండేది. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 123వ సెక్షన్ అని ఒకటుంది. మామూలుగా నేరాన్ని రుజువు చేయాల్సింది ప్రభుత్వం. ఈ సెక్షన్ ప్రకారం బంగారం, వాచీల విషయంలో అది తలకిందులవుతుంది. దొంగ సరుకన్న నమ్మకంతో అధికారులు వాచీ పట్టుకుంటే, అది దొంగదారిన రాలేదని నిరూపించుకోవాల్సింది దాన్ని పెట్టుకున్నవాడే. ఆ సెక్షన్‌లో వాచీల పేరు ఇప్పటికీ ఉంది. మన దేశంలో ఫారిన్ వాచీకి కాగితం ఎందుకు అవసరమో చట్టం అప్పుడే చెప్పింది.

ఇంతలో వాచీ ప్రపంచమే మారిపోయింది. 1969 డిసెంబరు 25న సీకో కంపెనీ జపాన్‌లో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. సెల్లుతో నడిచే వాచీ కీ వాచీ కంటే కచ్చితంగా టైం చూపించింది, పోనుపోను చవకైంది. స్విట్జర్లాండ్‌లో 1970 ప్రాంతంలో దాదాపు 90 వేల మంది ఈ పరిశ్రమలో పనిచేస్తుంటే, 80ల్లో ఆ సంఖ్య 30 వేల దగ్గరికి పడిపోయింది. మన దగ్గర 1984లో పుట్టిన టైటాన్ క్వార్ట్జ్‌తోనే హెచ్ఎంటీని వెనక్కి నెట్టింది. బతికి బయటపడ్డ స్విస్ కంపెనీలు టైం కోసం కాకుండా, పనితనం కోసం, హోదా కోసం కొనే వస్తువుగా కీ వాచీని మళ్లీ నిలబెట్టాయి. లగ్జరీ వాచీ అని ఇప్పుడు మనం అనేది ఆ మలుపు నుంచి వచ్చింది. వస్తువు ధర పెరిగేకొద్దీ దాని వెంట వచ్చే కాగితం బరువు కూడా పెరిగింది.

చేతి కదలికకే తనంతట తాను కీ తిరిగే ఇప్పటి మామూలు ఆటోమేటిక్ వాచీ లోపల, అటూ ఇటూ ఊగుతూ టైం నడిపే బ్యాలెన్స్ చక్రం సెకనుకు 8 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 6,91,200 సార్లు, ఏడాదికి 25 కోట్ల పైచిలుకు. నూనె ఎండుతుంది, రబ్బరు వాషర్లు గట్టిపడతాయి. అందుకే కొన్నేళ్లకోసారి మొత్తం విప్పి సర్వీసు చేయించాలి. ఒమేగా 5 నుంచి 8 ఏళ్లకు ఒకసారి అంటుంది, రోలెక్స్ సుమారు 10 ఏళ్లంటుంది. చాలాకాలం కంపెనీల వారంటీ రెండేళ్లే ఉండేది. 1999లో యూరోపియన్ యూనియన్ దేశాలకు వచ్చిన వినియోగదారుల నిబంధన కూడా రెండేళ్ల హామీ తప్పనిసరి చేసింది. తర్వాత పోటీ మొదలైంది. రోలెక్స్ 2015 జులై నుంచి 5 ఏళ్లు చేసింది. 2018లో ఒమేగా తన వాచీలన్నిటికీ 5 ఏళ్లు ఇచ్చింది. 2019లో కార్టియే, ఐడబ్ల్యూసీ, జేజర్ లెకూల్ట్ర్ కంపెనీలు వాచీని తమ దగ్గర నమోదు చేసుకుంటే 8 ఏళ్ల దాకా పొడిగిస్తామన్నాయి. 2020లో ఓరిస్ తన క్యాలిబర్ 400 యంత్రానికి 10 ఏళ్లు ఇచ్చింది.

ఏళ్లు పెరిగినా ఇది రిపేరు ఇన్సూరెన్స్ అనుకోకూడదు. వారంటీ తయారీ లోపానికి మాత్రమే. అద్దం పగిలినా, స్ట్రాపు అరిగినా, సెల్లు అయిపోయినా, వాచీ పోయినా వర్తించదు. ఇక్కడి కోస్తా మనుషులు ముఖ్యంగా చూసుకోవాల్సింది నీళ్ల సంగతి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువు గట్ల మీద తిరిగే మనిషి చేతికి ఉప్పునీరు, చెమట, వేడి మూడూ తప్పవు. నీటిని తట్టుకునే సామర్థ్యం 100 మీటర్లు అని డయల్ మీద ఉన్నా, కీ సరిగా బిగించకపోతే లోపలికి నీరు వెళుతుంది. ఆ తప్పు వాడినవాడిదే అంటుంది కంపెనీ. ఊళ్లో ఎవరి చేతనో మూత తీయించినా వారంటీ పోయినట్టే.

వారంటీ రోజుల్లో కంపెనీ దగ్గరికే వెళ్లాలనడం న్యాయమే. అవి అయిపోయాక కూడా కంపెనీ దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ వెళ్లలేని పరిస్థితి ఎలా వచ్చిందన్నదే ఈ కథలో నన్ను బాధపెట్టే భాగం. 1990ల తర్వాత పెద్ద స్విస్ కంపెనీలు స్వతంత్ర రిపేరుదారులకు విడిభాగాలు అమ్మడం ఒక్కొక్కటిగా తగ్గించుకున్నాయి. తాము గుర్తించిన సర్వీసు కేంద్రాలకే ఇస్తామన్నాయి. యూరప్ రిపేరుదారుల సంఘాల సమాఖ్య 2004లో యూరోపియన్ యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2008లో కమిషన్ దాన్ని తోసిపుచ్చింది. 2010లో యూరప్ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసి మళ్లీ చూడమంది. విచారణ జరిపిన కమిషన్ 2014లో మళ్లీ మూసేసింది. 2017 అక్టోబరులో కోర్టు ఈసారి కమిషన్ వైపే నిలిచింది. నకిలీలు పెరగకుండా, పని నాణ్యత చెడకుండా కంపెనీలు అలా పరిమితం చేసుకోవచ్చన్నది అక్కడ తేలిన మాట.

అంటే పదమూడేళ్ల పోరాటం తర్వాత రిపేరు మనిషి ఓడిపోయాడు. దాని ఫలితం మన బజారు దాకా వచ్చింది. ట్రంకు రోడ్డు రిపేరు మనిషికి చేతిలో పని ఉంది, కానీ రోలెక్స్ చక్రం ఒకటి అరిగితే కొత్తది తెప్పించే దారి లేదు. హెచ్ఎంటీ చూడండి. 2016లో ఆ వాచీల కంపెనీ మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. గ్యారంటీ ఇచ్చినవాడే లేడు. అయినా ఆ వాచీలు నడుస్తున్నాయి. పాత వాచీల నుంచి తీసిన భాగాలు, తెలిసిన పనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి. లగ్జరీ వాచీకి ఆ వెసులుబాటు లేదు. దాని బతుకంతా కంపెనీ తలుపు చుట్టూ తిరుగుతుంది.

తక్కువ ధరకు అమ్మేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారంటే, వాళ్లకు సరుకిచ్చేది చాలాసార్లు గుర్తింపు ఉన్న డీలర్లే. అమ్ముడుపోని మోడళ్లు పేరుకుపోతే వెనక దారిన తగ్గించి వదిలించుకుంటారు. ఒక దేశంలో చవకగా ఉన్నది ఇంకో దేశం చేరుతుంది. వాచీ అసలుదే, దారి మాత్రమే వేరు. కంపెనీలు దీన్ని కోర్టుల్లో ఆపాలని చూశాయి. అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే కే మార్ట్ అనే దుకాణాల సంస్థకు, కార్టియేకు మధ్య కేసులో ఇలాంటి దిగుమతుల గురించి తీర్పు చెప్పి చాలావరకు తలుపు తెరిచే ఉంచింది. తర్వాత ఒమేగా ఇంకో ఎత్తు వేసింది. వాచీ వెనక చిన్న బొమ్మ చెక్కించి, ఆ బొమ్మకు కాపీరైట్ ఉంది కాబట్టి తమ అనుమతి లేకుండా దిగుమతి చేయకూడదని కాస్ట్‌కో అనే దుకాణాల సంస్థ మీద కేసు వేసింది. ఒమేగా 1,995 డాలర్లు పెట్టిన సీమాస్టర్‌ను కాస్ట్‌కో 1,299కే అమ్మింది. 2010లో సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యారు. 2015లో చివరికి కాస్ట్‌కోనే గెలిచింది.

మన దేశంలో దారి చూపింది వాచీ కేసు కాదు, ప్రింటర్ల కేసు. శాంసంగ్ ప్రింటర్లను విదేశాల నుంచి తెచ్చి అమ్మిన వ్యాపారి మీద కంపెనీ కోర్టుకెళ్లింది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం అసలు సరుకైతే దిగుమతి చేసి అమ్ముకోవచ్చంది. కాకపోతే వీటికి కంపెనీ వారంటీ, సర్వీసు ఉండవని కొనేవాడికి కనిపించేలా బోర్డు పెట్టాలంది. కంపెనీ వారంటీ లేదని ముందే చెప్పి అమ్మేవాడు తప్పు చేసినట్టు కాదు. చెప్పకుండా అమ్మేవాడి దగ్గర జాగ్రత్త.

కోర్టులో ఓడిన కంపెనీలకు మిగిలిన ఆయుధం వారంటీ కార్డే. గుర్తింపు ఉన్న డీలరు అమ్మిన తేదీ వేసి, సీరియల్ నంబరు నమోదు చేస్తేనే అది మొదలవుతుంది. కొన్నేళ్ల క్రితం వరకూ డీలరెవరో దొరికిపోకుండా సీరియల్ నంబరు గీకేసి అమ్మిన వాచీలు కూడా ఉండేవి. అలాంటిది ఎంత తగ్గించినా కొనకండి. నంబరు లేని వాచీని సర్వీసు కేంద్రం ముట్టుకోదు, రేపు అమ్మబోతే దొంగ వాచీ అనుకుంటారు. నంబరు సవ్యంగా ఉండి, వాచీ అసలుదైతే, కార్డు లేకపోయినా డబ్బు తీసుకుని సర్వీసు చేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. "కార్డు లేకపోతే ఇక ఎవరూ చూడరు" అని షోరూంలో భయపెడితే అది సగం నిజమే.

షాపు వారంటీ విలువ ఆ షాపు ఎంతకాలం ఉంటుందో అంతే. చట్టం పరంగా కొనేవాడికి అండ ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం నుంచీ అమ్మేవాడికి నాణ్యత బాధ్యత ఉంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక, అమ్మినవాడు చెన్నైలో ఉన్నా ముంబైలో ఉన్నా మనం ఉండే చోటే, అంటే నెల్లూరు లేదా ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. కానీ వీటన్నిటికీ బిల్లు కావాలి. వాట్సాప్‌లో బేరమాడి, నగదు ఇచ్చి, డబ్బా తెచ్చుకున్నవాడి చేతిలో కమిషన్ ముందు పెట్టడానికి ఏముంటుంది?

పాత వాచీల బజారులో ఈ కార్డు విలువ ఇంకా తేటగా కనిపిస్తుంది. గడువు ఎప్పుడో తీరిన కార్డుకి కూడా అక్కడ ధర పలుకుతుంది. డబ్బా, కార్డు, బిల్లు కలిపి ఉన్న వాచీ ఒంటి వాచీ కంటే ఎక్కువకు పోతుంది. రోలెక్స్ 2022 డిసెంబరులో మూడేళ్లు దాటిన తన పాత వాచీలను తానే పరీక్షించి, రెండేళ్ల హామీతో డీలర్ల ద్వారా అమ్మించడం మొదలుపెట్టింది. పాత వాచీ కొనేవాళ్లు కంపెనీ వారంటీ లేదని బెంగపడక్కర్లేదు. చివరిసారి సర్వీసు ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చూపించే రసీదు అడగండి. గడువు తీరిన కార్డు కంటే అదే పనికొస్తుంది.

గల్ఫ్ నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. దుబాయ్‌లో గుర్తింపు ఉన్న షాపులో కొన్న రోలెక్స్, ఒమేగా లాంటి వాచీల వారంటీ ఇక్కడా చెల్లుతుంది. మిగతా బ్రాండ్ల షరతులు కొనే ముందే చదువుకోవాలి. విమానాశ్రయంలో సుంకం కట్టిన రసీదు కూడా కార్డుతో పాటే దాచాలి. ఎక్కడ, ఏ రోజు కొన్నారో కార్డు, బిల్లే చెబుతాయి కాబట్టి, సుంకం రసీదు లేకపోతే మనకు సాక్ష్యం కావాల్సినవి మనకే ఎదురు తిరుగుతాయి. 2025 ఏప్రిల్ 22 నుంచి మన దేశంలో 10 లక్షలు దాటిన చేతి వాచీ అమ్మితే షాపువాళ్లు 1 శాతం పన్ను ముందే వసూలు చేసి, కొన్నవాళ్ల పాన్ మీద చూపించాలి. పెద్ద వాచీ గుట్టుగా కొనే రోజులు పోయినట్టే.

ధరల తేడా కూడా ఇలాగే ఉండిపోదు. స్విట్జర్లాండ్ సహా నాలుగు దేశాల కూటమితో 2024 మార్చిలో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడేళ్లలో విడతలవారీగా తగ్గుతూ పోతుంది. సుంకం తగ్గేకొద్దీ దుబాయ్ బేరంలో లాభం కరుగుతుంది. మారనిది సర్వీసు. ఈ రోజు నెల్లూరులో ఉన్న మనిషి తన రోలెక్స్‌ను సర్వీసుకు ఇవ్వాలంటే పెద్ద నగరానికి వెళ్లాలి, లేదా అమ్మిన షోరూం ద్వారా పంపాలి. కొనేటప్పుడే వాచీని ఎవరు తీసుకెళ్తారు, దారిలో ఏమైనా అయితే బాధ్యత ఎవరిది, ఎన్ని వారాలు పడుతుంది అని అడిగి, ఆ జవాబు షోరూంవాళ్ల చేత బిల్లు మీదే రాయించుకోవాలి.