గామా పహిల్వాన్‌కు ఆరు నిమిషాలు చాలునా?

హన్మకొండ పాఠకుడొకాయన అడిగారు: "గామా పహిల్వాన్ ఇప్పుడుంటే నేటి కుస్తీవాళ్ల ముందు నిలుస్తాడా?" ముందే కథ రాసుకుని ఆడే టీవీ కుస్తీ మీద నాకు ఆసక్తి లేదు. ఒలింపిక్ మ్యాట్ మీదైతే లెక్క వేద్దాం.

నేటి పోటీ మూడేసి నిమిషాల రెండు రౌండ్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. వందేళ్ల కిందటి మల్లయోధుడు గామాది వేరే గడియారం. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జ్బిస్కో మ్యాట్‌కు అతుక్కుని పడుకుంటే, రెండు గంటలు దాటినా చిత్తు చేయలేకపోయాడు. అదే మనిషిని 1928లో పటియాలాలో నిమిషం లోపే పడగొట్టాడు.

ఈ రెండు పనులకూ కండ వాడే ఇంధనాలు వేరు. కండలో నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం మిద్దె మీది ట్యాంకు: ధార జోరుగా వస్తుంది, పది సెకన్లలో ఖాళీ. మనిషిని లేపి కొట్టేది దీనితోనే. చక్కెరను విరిచి శక్తి తీసే గ్లైకోలిసిస్ అద్దె ట్యాంకర్: ఆక్సిజన్ అక్కర్లేదు, నీళ్లు గబగబా పోస్తుంది, వెంట కండలో ఆమ్లత పెంచే హైడ్రోజన్ అయాన్ల బురద తెస్తుంది. కణాల్లో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా బోరు: సన్నధార, కానీ ఆగదు. కిటుకేమిటంటే, ఖాళీ అయిన ట్యాంకును నింపేది ఈ బోరే. అరనిమిషంలో దాదాపు సగం నిండుతుంది. రౌండ్ల మధ్య విరామం కూడా అంతే!

(మర్నాటి ఒళ్లునొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని జిమ్ కోచ్‌లు ఇంకా చెబుతున్నారు. కండలో ఆ ఆమ్లం ఉండే రూపం లాక్టేట్; అది గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. నొప్పి కండపోగుల చిన్నచిన్న దెబ్బలది. దిష్టి తగిలిందనడం కన్నా ఆ కోచ్‌ల మాటేం మెరుగు కాదు.)

గామా రోజూ వేలల్లో బస్కీలు తీసేవాడని ప్రతీతి. బస్కీలు బోరును పెంచుతాయి. నిజామాబాద్ వైపు కొబ్బరికాయ బహుమతి కుస్తీతో మొదలై వెండి కడెం బహుమతి కుస్తీతో ముగిసే పోటీల్లోనూ తాలీం (కుస్తీ సాధన శాల) పహిల్వాన్ల బలం దండీలు, బస్కీలదే. నేటివాళ్లు మాత్రం బురదనీళ్లతోనే పని నడపడం ప్రత్యేకంగా సాధన చేస్తారు. కాబట్టి మొదటి రౌండు గామాది, రెండో రౌండులో టెన్షన్ తప్పదని నా అంచనా.

నిబంధనలు మాత్రం ఆయన పక్షమే. కాళ్లనూ పట్టుకోనిచ్చే ఒలింపిక్ కుస్తీ ఫ్రీస్టైల్‌లో తప్పించుకు తిరిగేవాణ్ని రిఫరీ ముందు హెచ్చరిస్తాడు. మారకపోతే 30 సెకన్ల గడువు పెడతాడు. ఆ లోపల పాయింట్ తేకపోతే ఎదుటివాడికి ఒక పాయింట్ పోతుంది. లండన్ పట్టు ఇవాళైతే గామా పాయింట్లతోనే గెలిచేవాడు. కానీ అప్పుడు గామా బరువు దాదాపు 90 కిలోలు, జ్బిస్కో వందకు పైనే. ఒకరిది 97 కిలోల విభాగం, మరొకరిది 125. అసలు ఆ ఇద్దరినీ ఒకే మ్యాట్ మీదికి పిలవరు.