మోంటానా ఎట్-లార్జ్ నియోజకవర్గం: అపోహలు - వాస్తవాలు

అమెరికా ప్రతినిధుల సభకు జరిగిన పాత ఎన్నికల ఫలితాలను, నియోజకవర్గాల సరిహద్దులను సరిచూసి పట్టికలుగా కూర్చడం నా వృత్తి. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా శ్రమపెట్టేవి రద్దయిన నియోజకవర్గాలు. వాటి గురించి ఒకరు రాసిన తప్పును మరొకరు యథాతథంగా ఎత్తి రాసుకోవడం, కొన్నేళ్లకు అదే చరిత్రగా స్థిరపడిపోవడం నేను తరచుగా చూస్తుంటాను. అలాంటి పొరపాట్లు దట్టంగా పేరుకున్న వాటిలో, 2023 జనవరి 3తో రద్దయిన మోంటానా ఎట్-లార్జ్ నియోజకవర్గం ఒకటి. ఎట్-లార్జ్ అంటే లోపల గీతలేవీ లేకుండా రాష్ట్రం మొత్తాన్నీ ఒకే నియోజకవర్గంగా లెక్కించడం. మన పాఠకుల కోసం ఇంకొక్క మాట కూడా చెప్పాలి. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు. సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన కేంద్ర చట్టసభ.

అపోహ: ఈ నియోజకవర్గం 1993లో పుట్టి 2023లో అంతరించింది.

వాస్తవం: 1993లో మొదలైనది దాని చివరి దశ మాత్రమే. మోంటానా 1889 నవంబరు 8న రాష్ట్రమైంది. అప్పుడు దానికి దక్కిన ఏకైక స్థానం ఎట్-లార్జ్‌గానే ఉండేది, తొలి ప్రతినిధి థామస్ కార్టర్. 1913లో స్థానాలు రెండయ్యాయి గానీ రాష్ట్రాన్ని రెండుగా విభజించలేదు. ఇద్దరినీ రాష్ట్రం మొత్తం ఓటర్లే ఎన్నుకునేవారు. 1919 నుంచి పడమర భాగం 1వ నియోజకవర్గంగా, తూర్పు భాగం 2వ నియోజకవర్గంగా విడిపోయి 1993 వరకు కొనసాగాయి. ఆ తరువాత ముప్పయ్యేళ్లు మళ్లీ ఒక్క స్థానమే. కాబట్టి మోంటానా ఎట్-లార్జ్ సభ్యుల జాబితాలో 1919కీ 1993కీ మధ్య డెబ్బై నాలుగేళ్ల ఖాళీ ఉండి తీరాలి. ఆ ఖాళీ కనిపించని జాబితాను నేను నమ్మను.

అపోహ: జెనెట్ ర్యాంకిన్ తొలిసారి గెలిచింది మోంటానా 1వ నియోజకవర్గం నుంచి, అదీ స్త్రీలకు ఓటుహక్కు లేని రోజుల్లో, మగవారి ఓట్లతోనే.

వాస్తవం: ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొట్టమొదటి మహిళ ర్యాంకిన్ కావడం వల్ల ఈ తప్పులు కూడా ఆమె పేరుతో పాటే దూరదూరాలకు ప్రయాణించాయి. 1916 నవంబరులో ఆమె పోటీ చేసేనాటికి 1వ నియోజకవర్గమన్నదే లేదు. రాష్ట్రమంతటికీ కలిపి రెండు స్థానాలు, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. డెమొక్రాట్ జాన్ ఎవాన్స్ మొదటి స్థానంలో, రిపబ్లికన్ అయిన ర్యాంకిన్ రెండో స్థానంలో నిలిచి ఇద్దరూ గెలిచారు. ఇలా ఒకే రాష్ట్రం నుంచి ఇద్దరు ఎట్-లార్జ్ సభ్యులు కనబడగానే, ఏదో పొరపాటు జరిగిందనుకుని ఒకరిని 1వ నియోజకవర్గానికీ మరొకరిని 2వ నియోజకవర్గానికీ సర్దేసిన పట్టికలు నా చేతికి వచ్చాయి. ఒకటికి మించి స్థానాలున్న రాష్ట్రాలు ఎట్-లార్జ్ పద్ధతిలో ఎన్నిక జరపకూడదని 1967లో చట్టం వచ్చింది కాబట్టి, నేటివారికి ఆ ఏర్పాటు ఊహకు కూడా అందదు. ఇక ఓటుహక్కు సంగతి. దేశమంతటా స్త్రీలకు హక్కు కల్పించిన రాజ్యాంగ సవరణ 1920 నాటిది; కానీ మోంటానా స్త్రీలు 1914లోనే ఆ హక్కు సాధించుకున్నారు. ఆ ఉద్యమానికి ముందు నిలిచి రాష్ట్రమంతా తిరిగినవారిలో ర్యాంకిన్ కూడా ఉన్నారు. 1916లో ఆమెకు ఓటు వేసినవారిలో స్త్రీలు ఉన్నారు, వారిని లెక్కలోంచి తీసేయడం వారికి చేసే అన్యాయం.

అపోహ: మొదటి ప్రపంచయుద్ధాన్ని ఆమె ఒక్కరే వ్యతిరేకించారు, అందుకే 1918లో ప్రజలు ఆమెను ఆ స్థానంలో ఓడించారు.

వాస్తవం: 1917 ఏప్రిల్ 6న ప్రతినిధుల సభ యుద్ధ తీర్మానాన్ని 373-50 ఓట్లతో ఆమోదించింది. ఆ యాభై మందిలో ర్యాంకిన్ ఒకరు. ఆమె ఒంటరిగా నిలిచింది 1941 డిసెంబరు 8న, పెర్ల్ హార్బర్ దాడి జరిగిన మరునాడు. అప్పటి లెక్క 388-1. ఈ రెండు ఓట్లనూ కలిపేసి ఒకే కథగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. మొదటి ఓటు వేసినప్పుడు ఆమె ఎట్-లార్జ్ సభ్యురాలు, రెండోది వేసినప్పుడు 1వ నియోజకవర్గ సభ్యురాలు.

1918లో ఆమె తన స్థానానికి అసలు పోటీయే చేయలేదు. రాష్ట్ర శాసనసభ ఈలోగా రాష్ట్రాన్ని రెండుగా విభజించింది. ఆమె నివాసం డెమొక్రాట్లకు గట్టి పట్టున్న పడమటి భాగంలో పడింది. ఆ పరిస్థితిలో ఆమె సెనేట్ వైపు మొగ్గారు. రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో ఓడి, మరో చిన్న పార్టీ తరఫున నిలిచి, చివరకు మూడో స్థానంలో మిగిలారు. యుద్ధానికి వ్యతిరేకంగా వేసిన ఓటు ఆమెకు నష్టం చేయలేదని నేను అనను. కానీ ఆమె రాజకీయ జీవితాన్ని మళ్లించినదానిలో పటం మీద గీసిన ఆ గీత పాత్రను విస్మరిస్తే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది. 1943లో ఆమె సభను వీడాక ఆ స్థానంలోకి వచ్చిన మైక్ మాన్స్‌ఫీల్డ్, తరువాతి కాలంలో సెనేట్‌కు వెళ్లి 1961 నుంచి 1977 వరకు అక్కడ అధికార పక్ష నాయకుడిగా ఉన్నారు. ర్యాంకిన్ మాత్రం గాంధీజీ అహింసా మార్గం మీద ఆసక్తితో పలుమార్లు భారతదేశానికి వచ్చి వెళ్లారు.

అపోహ: మోంటానా జనాభా తగ్గింది కాబట్టే 1993లో రెండో స్థానం పోయింది.

వాస్తవం: జనాభా తగ్గలేదు. 1980లో 7,86,690 ఉన్నది 1990 నాటికి 7,99,065 అయింది. సభలో మొత్తం స్థానాలు 435కి పరిమితం కావడంతో, మిగతా రాష్ట్రాలు అంతకన్నా వేగంగా పెరిగితే పెరిగిన రాష్ట్రం కూడా స్థానం కోల్పోవచ్చు. అసలు వివాదమంతా ఆ స్థానాలను పంచే లెక్క మీద నడిచింది. అది కొంత ఓపికగా చూడవలసిన లెక్క.

విదేశాల్లో ఉన్న సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులను కలుపుకుంటే కేటాయింపు కోసం మోంటానా సంఖ్య 8,03,655. దేశంలో ఒక నియోజకవర్గానికి ఆదర్శ సగటు 5,72,466. ఒకే స్థానం ఇస్తే మోంటానా ఆ సగటుకు 2,31,189 మంది ఎక్కువగా ఉంటుంది. రెండు ఇస్తే ఒక్కోదానికి సుమారు 4,01,828 మంది వస్తారు, సగటుకు 1,70,638 మంది తక్కువ. తీసివేతతో చూస్తే రెండు స్థానాలే సగటుకు దగ్గర. భాగహారంతో చూస్తే ఫలితం తలకిందులవుతుంది: ఒకే స్థానమైతే సగటుకు 1.404 రెట్లు, రెండైతే సగటే ఒక్కో నియోజకవర్గానికి 1.425 రెట్లు. నిష్పత్తిలో చూసినప్పుడు ఒక్క స్థానమే దగ్గర. 1941 నుంచి అమలులో ఉన్న పద్ధతి నిష్పత్తినే ప్రమాణంగా తీసుకుంటుంది. అందులో రెండో స్థానానికి రాష్ట్ర జనాభాను 2 యొక్క వర్గమూలంతో భాగించాలి. మోంటానాకు వచ్చినది సుమారు 5,68,000. చివరిదైన 435వ స్థానాన్ని సుమారు 5,76,000తో వాషింగ్టన్ రాష్ట్రం తన తొమ్మిదో స్థానంగా దక్కించుకుంది.

మోంటానా కోర్టుకు వెళ్లింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రం పక్షాన నిలిచినా, 1992 మార్చి 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఈ పద్ధతే అత్యుత్తమమని ఆ తీర్పు చెప్పిందనుకోవడం కూడా పొరపాటే. ఏ పద్ధతిలోనైనా ఏదో ఒక తేడా మిగిలి తీరుతుంది గనుక వాటిలో ఒకదాన్ని సద్భావంతో ఎంచుకునే అధికారం కాంగ్రెస్‌దేనని మాత్రమే న్యాయస్థానం చెప్పింది.

ఆ ఏడాది నవంబరులో పడమటి సభ్యుడు ప్యాట్ విలియమ్స్, తూర్పు సభ్యుడు రాన్ మార్లెనీ ఒకే స్థానానికి తలపడ్డారు. డెమొక్రాట్ అయిన విలియమ్స్ గెలిచారు. ఆయన 1997లో వైదొలిగాక రద్దయ్యేంతవరకూ ఆ స్థానం రిపబ్లికన్ల చేతిలోనే ఉంది: రిక్ హిల్, డెనీ రేబర్గ్, స్టీవ్ డెయిన్స్, రయన్ జింకీ, గ్రెగ్ జియాన్‌ఫోర్టే, మ్యాట్ రోజెండేల్. వీరు ప్రాతినిధ్యం వహించిన విస్తీర్ణం సుమారు 3.8 లక్షల చదరపు కిలోమీటర్లు. నలభై రెండు మంది ఎంపీలను పంపిన మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2.75 లక్షలే.

అపోహ: చిన్న రాష్ట్రాల ఓటుకు ఎప్పుడూ విలువ ఎక్కువే.

వాస్తవం: ప్రతి రాష్ట్రానికీ సమానంగా ఇద్దరేసి సభ్యులుండే సెనేట్ విషయంలో అది నిజం. ప్రతినిధుల సభలో మాత్రం రద్దయ్యేనాటికి మోంటానా స్థానం దేశంలోనే అత్యధిక జనాభా గల నియోజకవర్గం. 2010 లెక్కల్లో దాని కేటాయింపు సంఖ్య 9,94,416 కాగా దేశ సగటు 7,10,767. 2020 జనగణనతో రెండో స్థానం తిరిగి రాగానే ఒక్కోదానికి సగటు 5,42,704కు దిగి, అన్ని రాష్ట్రాలలోకీ అతి తక్కువైంది. అదే ప్రజలు, అదే నేల. ఒక్క జనగణనతో ఈ చివరి నుంచి ఆ చివరికి చేరారు.

అపోహ: 2023లో పాత 1వ నియోజకవర్గమే తిరిగి వచ్చింది.

వాస్తవం: తిరిగి వచ్చినది సంఖ్య మాత్రమే. మనదేశంలో నియోజకవర్గాలకు ఊళ్ల పేర్లుంటాయి, పి.వి. నరసింహారావు గారు ప్రాతినిధ్యం వహించిన హన్మకొండ లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనలో రద్దయినప్పుడు ఆ పేరే జాబితాలోంచి పోయింది. అమెరికాలో ఒక సంఖ్య పోయి, కొన్నేళ్లకు వేరే సరిహద్దులతో మళ్లీ వస్తుంది. పాత 1వ నియోజకవర్గం కూడా తన జీవితకాలంలో ఒకే రూపంలో లేదు. జనాభా సమానంగా ఉండాలని 1964లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక తొలినాటి సరిహద్దులు నిలిచే అవకాశం లేకపోయింది. నేటి సరిహద్దును 2021 నవంబరులో అయిదుగురు సభ్యుల కమిషన్ 3-2 ఓట్లతో ఖరారు చేసింది. మిసూలా, బ్యూట్, బోజ్‌మన్ 1వ దానిలోకి, రాజధాని హెలెనా 2వ దానిలోకి వచ్చాయి.

అందుకే నా పట్టికలో ప్యాట్ విలియమ్స్‌కు రెండు వరుసలుంటాయి: 1979 నుంచి 1993 వరకు 1వ నియోజకవర్గం, 1993 నుంచి 1997 వరకు ఎట్-లార్జ్. రయన్ జింకీకీ రెండే: 2015 నుంచి 2017 వరకు ఎట్-లార్జ్, 2023 నుంచి 1వ నియోజకవర్గం. విలియమ్స్ మొదటి వరుసలోనూ జింకీ రెండో వరుసలోనూ సంఖ్య ఒకటే అయినా, ఆ రెండింటినీ నేను ఒకే గుర్తింపు కింద నమోదు చేయను.