నీలం మూత ఎందుకు వంకర పోతుంది?

ఒకే అచ్చు, ఒకే ప్లాస్టిక్, ఒకే మెషీను. తెల్ల మూతలు డబ్బాకి చక్కగా బిగుస్తాయి, నీలం మూతలు మాత్రం కాస్త వంకర పోతాయి. మౌల్డింగ్ చేసేవాళ్లకి ఇది పాత తలనొప్పే. సెట్టింగులు ఎన్ని మార్చినా తేడా పూర్తిగా పోదు, ఎందుకంటే తప్పు మెషీనుది కాదు, రంగుది. థాలోసయనిన్ అనే నీలం పిగ్మెంటు రంగునిచ్చి ఊరుకోదు, పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌లు గట్టిపడే తీరులో కూడా వేలు పెడుతుంది.

ప్లాస్టిక్ అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు, అంటే పాలిమర్. కరిగిన పాలిమర్ చిక్కుపడ్డ దారపు ఉండలాంటిది. చల్లారుతుంటే ఆ పొడవాటి గొలుసుల్లో కొన్ని భాగాలు మడతలు పడి, పక్కపక్కన సర్దుకుని, సుమారు 10 నానోమీటర్ల మందం ఉండే పలకలవుతాయి, ఇవే స్ఫటికాలు. (గొలుసులు ఇలా మడత పడతాయని ఆండ్రూ కెల్లర్ 1957లో చూపించాడు.) మిగతా భాగాలు చిక్కుగానే ఉండిపోతాయి. పాలిఇథిలీన్‌లో సర్దుకున్న భాగం సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 1 గ్రాము, చిక్కుగా ఉన్న భాగానిది 0.85. అంటే స్ఫటికం ఎంత ఎక్కువైతే వస్తువు అంత కుంచించుకుపోతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా జరగకపోతే మూత వంకర పోక ఏం చేస్తుంది?

ఇది కళ్లతో చూడాలంటే కాస్త పాలిప్రొపిలీన్‌ని గాజు పలక మీద కరిగించి, పోలరైజర్లు పెట్టిన మైక్రోస్కోపు కింద మెల్లగా చల్లార్చాలి. మొదట అంతా చీకటే. తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి వెలుగు చుక్కలు పుట్టి, మధ్యలో నల్లటి శిలువ గుర్తుతో గుండ్రంగా పెరిగి, చివరికి ఒకదాన్నొకటి ఢీకొని ఆగిపోతాయి. వీటినే స్ఫెరులైట్లు అంటారు. ఇప్పుడు అదే ప్లాస్టిక్‌లో చిటికెడు సోడియం బెంజోయేట్ బాగా కలిపి మళ్లీ చూడండి: తెర మొత్తం దాదాపు ఒక్కసారే, సన్నటి ఇసుక చల్లినట్టు వెలుగుతుంది. మొదలుపెట్టడానికి చోట్లు ఎక్కువ దొరికాయి, అందుకే స్ఫెరులైట్లు ఎక్కువ, చిన్నవి, పైగా ఇంకా వేడిగా ఉండగానే పని మొదలైపోతుంది. మన నీలం పిగ్మెంటు చేసేదీ ఇదే. సార్బిటాల్ రకం అడిటివ్‌లు (ప్లాస్టిక్‌లో కొంచెంగా కలిపే పదార్థాలు) మరీ తెలివైనవి. ఇవి వెయ్యి పాళ్లలో రెండు పాళ్లు వేస్తే చాలు, ముందు కరిగిపోయి, చల్లారేటప్పుడు సన్నటి నూలు వలలా విడిపోతాయి, పాలిప్రొపిలీన్ ఆ నూలు మీదే స్ఫటికమవుతుంది. అలా పాలలా మసకగా ఉండాల్సిన డబ్బా పారదర్శకంగా వస్తుంది.

ఇదంతా ఒక్క పాలిమర్ కథ. రెండు కలిపితే అసలు తిరకాసు మొదలవుతుంది, ఎందుకంటే పాలిమర్లు చాలావరకు ఒకదాంట్లో ఒకటి కలవవు, ఒకటి రెండోదాంట్లో బొట్లు బొట్లుగా ఉండిపోతుంది. అప్పుడు అడిగాల్సింది ఏ అడిటివ్ వేశాం అని కాదు, అది ఎక్కడికి వెళ్లి కూర్చుంది అని.

పాలిస్టైరీన్‌లో కొంచెం పాలిప్రొపిలీన్ కలిపామనుకోండి. మామూలుగా పాలిప్రొపిలీన్ 110 డిగ్రీల దగ్గర స్ఫటికమవుతుంది, అదీ దాంట్లో ఎప్పుడూ ఉండే దుమ్ము, మలినాల పుణ్యమే. కానీ ఒక ఘన మిల్లీమీటరుని మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ముక్కలుగా కోస్తే 100 కోట్ల ముక్కలవుతాయి, అన్నింటికీ పంచడానికి మలినాలు సరిపోవు. మలినం దక్కని బొట్లు కరిగినట్టే ఉండిపోయి, కొన్నైతే 50 డిగ్రీల కిందకి వచ్చాక గానీ స్ఫటికం కావు. ఇక్కడ నాకు భలే నచ్చే వింత ఒకటుంది. రెండు పాలిమర్లు బాగా అతుక్కోవాలని వేసే కంపాటిబిలైజర్ బొట్లని ఇంకా చిన్నవి చేస్తుంది, అంటే మంచికని వేసిందే స్ఫటికీకరణని వెనక్కి లాగగలదు. దానికి తోడు కరిగించి కలిపేటప్పుడు మలినాలు ఒక పాలిమర్ నుంచి రెండోదాంట్లోకి వలస పోవడం కూడా ఉంది: పాలిప్రొపిలీన్‌లోంచి పాలిఇథిలీన్‌లోకి ఇలా జారిపోతాయి.

నిజంగా కలిసిపోయే జంటల్లో సంగతి వేరు. పీఎంఎంఏతో (గాజులా ఉండే యాక్రిలిక్ ప్లాస్టిక్) కలిసిన పీవీడీఎఫ్ (ఫ్లోరిన్ ఉన్న ఒక ప్లాస్టిక్) మెల్లగా స్ఫటికమవుతుంది, ఎందుకంటే సర్దుకోవాల్సిన గొలుసుల మధ్య పరాయి గొలుసులు అడ్డం పడి ఉంటాయి. మొక్కల పిండిపదార్థం నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్‌కి స్ఫటికమవడంలో పుట్టుకతోనే బద్ధకం, అందుకే దానికి టాల్క్‌తో పాటు ప్లాస్టిసైజర్ కూడా వేస్తారు: మొదటిది స్ఫటికం మొదలయ్యే చోటునిస్తే, రెండోది గొలుసులు కదలడానికి వీలునిస్తుంది. పీఎల్ఏకి దాని అద్దపు ప్రతిబింబం లాంటి పీఎల్ఏనే కొంచెం కలిపితే, 230 డిగ్రీల దాకా కరగని జంట స్ఫటికాలు పుట్టి (ఇవి 1987లో బయటపడ్డాయి) మిగతాదానికి అవే విత్తనాలవుతాయి.

మళ్లీ మన మూత దగ్గరికొస్తే, దానికో చిట్కా ఉంది. నీలం పిగ్మెంటుతో కుస్తీ పట్టకుండా, అంతకంటే బలమైన న్యూక్లియేటింగ్ ఏజెంటుని (స్ఫటికం మొదలవడానికి చోటిచ్చే పదార్థాన్ని) తెలుపు, ఎరుపు, నీలం అన్న తేడా లేకుండా అన్ని మూతల్లోనూ వేస్తారు. స్ఫటికాలు దానిమీదే మొదలైపోతాయి, పిగ్మెంటు వంతు వచ్చేసరికి చేయడానికి పెద్దగా పని మిగలదు.